హాజరు పట్టీలోని ఖాళీలు

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన మాకు రిజిస్టరు అంటే ఒక గౌరవం. పట్టీలోకి ఎక్కిన పేరుకు ఎవరో ఒకరు జవాబుదారీ వహించక తప్పదు. ఎక్కని పేరు ఏ అధికారి దృష్టికీ రాదు. పదవీ విరమణ తరువాత సముదాయ సేవలో ఉన్న ఈ ఏళ్లలోనూ మా అలవాటు మారలేదు. ఎక్కడికి వెళ్లినా ముందుగా పట్టీ అడుగుతాము.

ఆ అలవాటు వల్లనే, కరోనా కాలం గడిచిపోయిన తరువాత, కర్నూలులో మాకు పరిచయమున్న ఒక అధ్యాపకుని ఇంట్లో ఒక పాత నోటు పుస్తకం మా చేతికి వచ్చింది. ఆయన డిగ్రీ, పీజీ విద్యార్థులకు పాఠం చెప్పేవారు. ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజు నుంచి ప్రతి పాఠానికీ ఎవరెవరు వచ్చారో ఆ పుస్తకంలో సొంతంగా రాసుకున్నారు. అరవైకి పైగా పేర్లున్న తరగతిలో మొదటి వారం సగం మంది వచ్చారు. నెల తిరిగేసరికి ఇరవై మంది కూడా మిగలలేదు. ఆగిపోయిన పేర్ల ఎదుట ఆయన సున్నా చుట్టలేదు, ఖాళీ వదిలిపెట్టారు. ఎందుకని అడిగితే, "సున్నా పెడితే రాలేదని అర్థం భాయ్ సాబ్. వాళ్లు రాలేదో, రాలేకపోయారో నాకు తెలియదు కదా" అన్నారు.

ఈ వ్యాసం ఆ ఖాళీలను గురించినది. మహమ్మారి కాలంలో మన విశ్వవిద్యాలయ అధ్యాపకులు అనుభవించినదేమిటో, దాని నుంచి మన సముదాయం నేర్చుకోవలసినదేమిటో చెప్పాలన్నదే మా ఉద్దేశం.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్. అప్పటికే కళాశాలలు మూతపడ్డాయి. విద్యార్థులు పుస్తకాలు హాస్టల్ గదుల్లోనే వదిలి ఇళ్లకు చేరారు. ఏప్రిల్, మే నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక కేసులున్న జిల్లాగా కర్నూలు పేరు ప్రతిరోజూ వార్తల్లో వినిపించింది. వీధులకు అడ్డంగా కట్టెలు కట్టారు. పాలు, మందులకే అనుమతి తీసుకోవలసిన ఆ రోజుల్లో, పాఠాలు ఆన్‌లైన్‌లో కొనసాగించమని అధ్యాపకులకు ఆదేశాలు అందాయి. ఆదేశం ఒక పుటలో సరిపోయింది. దానిని అమలు చేయవలసిన వారి చేతిలో ఏముందో అడిగిన పుట మాత్రం మాకెక్కడా కనిపించలేదు.

వారి చేతిలో ఉన్నది సాధారణంగా ఒక ఫోను, అదీ సొంత డబ్బుతో కొన్నది. ఒక అధ్యాపకురాలు వంటగదిలో బియ్యం డబ్బా మీద రెండు నిఘంటువులు పేర్చి, వాటికి ఫోనును ఆనించి పాఠం చెప్పారు. ఇంట్లో సిగ్నల్ అందేది ఆ కిటికీ దగ్గరే మరి. ఒకవైపు కుక్కర్ కూత, మరోవైపు తన ఇద్దరు పిల్లల ఆన్‌లైన్ తరగతులు. ఉన్న ఫోన్లు రెండు, అవసరమున్న వారు నలుగురు. మధ్యాహ్నం తమ పాఠం కోసం పిల్లల పాఠం ఆపించిన రోజులు ఉన్నాయని చెప్పినప్పుడు ఆమె కంఠం వణికింది. పగలు ఇంటి పని, సాయంత్రం అత్తమామల సేవ ముగిశాక, రాత్రి పదకొండు గంటలకు మేడ మీద కూర్చుని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా పాఠాన్ని రికార్డు చేసి పంపేవారు. నెట్‌వర్క్ అందని పల్లెల్లోని విద్యార్థులకు వీడియో కంటే ఆ చిన్న చిన్న మాటల ముక్కలే ఎక్కువ అందాయన్నది ఆమె అనుభవం.

మరొకరు గణితం చెప్పే పెద్దాయన. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. సుద్దముక్క, నల్లబల్ల, విద్యార్థుల కళ్లు – ఈ మూడింటితో మూడు దశాబ్దాలు గడిపారు. "బల్ల మీద మెట్టు మెట్టుగా రాస్తూ వెనక్కి తిరిగి చూస్తే, ఏ మెట్టు దగ్గర పిల్లవాడు ఆగిపోయాడో ముఖంలో తెలిసిపోయేది. ఇక్కడ అందరూ నల్లని గళ్లు. అర్థమైందా అని అడిగితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అర్థమయిందని చెబుతోందా, లైను తెగిపోయిందని చెబుతోందా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. జూమ్, గూగుల్ మీట్ వాడకం ఆయనకు మనుమరాలు నేర్పింది. తమ సంస్థ నుంచి ఒకే ఒక్క శిక్షణ జరిగిందనీ, అదీ ఆన్‌లైన్‌లోనే జరిగిందనీ నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వులో అవమానం ఉంది. జీవితమంతా నేర్చుకున్న విద్య ఒక్క వారంలో పనికిరానిదైపోయిందన్న భావన అనేకమంది పెద్ద వయసు అధ్యాపకులను ఆ కాలంలో లోపల నుంచి తొలిచింది.

గెస్ట్, పార్ట్‌టైమ్ అధ్యాపకుల బాధ ఇంకొక రకం. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో శాశ్వత ఉద్యోగాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, బోధన భారంలో పెద్ద భాగం వీరి మీదనే నడుస్తున్న సంగతి పాఠకులకు తెలిసినదే. గంటల లెక్కన పారితోషికం తీసుకునే వారికి ఆన్‌లైన్ గంటను గంటగా లెక్కిస్తారా లేదా అన్నదే తేలలేదు. ఒక యువ అధ్యాపకుడు, పీహెచ్‌డీ పట్టభద్రుడు, పొద్దున పాఠం చెప్పి సాయంత్రం బంధువుల పండ్ల బండి దగ్గర నిలబడ్డారు. పని చేసుకోవడంలో తప్పులేదు. ఆ సెమిస్టరు తాను చెప్పిన పాఠానికి బిల్లు మాత్రం నేటికీ పూర్తిగా చేతికి రాలేదని ఆయన అంటారు. బిల్లులు ఎలా ఆగుతాయో గుమాస్తాలుగా పనిచేసిన మాకు బాగా తెలుసు. నిబంధనలో లేని పనికి సంతకం పెట్టే ధైర్యం ఏ అధికారికీ ఉండదు. నిబంధన రాయవలసిన వారు రాయలేదు.

ఇక ఉర్దూ మాధ్యమం. హైదరాబాదులో 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులో 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం మన సముదాయపు పిల్లలకు ఉన్నత విద్యకు తెరిచిన తలుపులు. మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం దూరవిద్యతోనే తన ప్రస్థానం మొదలుపెట్టింది. ఉర్దూలో పాఠాలను చిత్రీకరించే సొంత మాధ్యమ కేంద్రం కూడా దానికి ఉంది. ఆ పునాది ఉన్నచోట కొంత మేలు జరిగింది. ఉర్దూలో బోధించే అధ్యాపకులందరికీ అటువంటి వసతి లేదు. ఏళ్ల తరబడి వారు పాఠ్యాంశాలను ఇన్‌పేజ్‌లో టైపు చేసి దాచుకున్నారు. ఆ ఫైలు ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరులోనే తెరుచుకుంటుంది. విద్యార్థి ఫోనులో తెరుచుకోదు. యూనికోడ్‌లోకి మార్చబోతే అక్షరాలు చెదురుతాయి. కుడి నుంచి ఎడమకు నడిచే వాక్యం మధ్యలో ఎడమ నుంచి కుడికి నడిచే సమీకరణం వస్తే వరుస తారుమారవుతుంది. చివరకు చాలామంది చేత్తో రాసి, ఫొటో తీసి పంపారు. డేటా అయిపోయిన విద్యార్థికి ఆ ఫొటో కూడా బరువే. ఇంగ్లీషులో బోధించేవారికి ఒక్క వెతుకులాటలో పదుల కొద్దీ పాఠాలు దొరికిన వేళ, ఉర్దూలో అర్థశాస్త్రమో భౌతికశాస్త్రమో చెప్పేవారు ప్రతి పుటనూ సున్నా నుంచి తయారుచేసుకున్నారు. మాతృభాషలో చదువుకునే హక్కు ఫోను తెర మీద ఎంత పలచబడిందో దీనినిబట్టి తెలుస్తుంది.

మన కష్టాన్ని తలుచుకునేటప్పుడు కాశ్మీరు అధ్యాపకులను మరువరాదు. అక్కడ 2019 ఆగస్టు 5 నుంచి ఇంటర్నెట్ నిలిచిపోయింది. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు రాజ్యాంగ రక్షణ ఉందనీ, నిరవధికంగా నిలిపివేయడం చెల్లదనీ చెప్పింది. ఆ నెలాఖరుకు 2జీ మాత్రమే తిరిగి వచ్చింది. దేశమంతా వీడియో పాఠాలకు మారిన కాలంలో అక్కడి అధ్యాపకులు 2జీ వేగంతోనే బోధించారు. రెండు జిల్లాలను మినహాయిస్తే, 4జీ అందినది 2021 ఫిబ్రవరి 5న. ఆన్‌లైన్ విద్యే ఏకైక మార్గమని చెప్పిన ప్రభుత్వమే ఆ మార్గాన్ని ఒక ప్రాంతానికి ఇరుకు చేసి ఉంచింది. ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపడం హక్కుల కోసం పనిచేసే మన విధి.

ఇప్పుడు కొన్ని లెక్కలు. 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు జాతీయ గణాంక కార్యాలయం జరిపిన 75వ విడత సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, పట్టణాలలో 23.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి గ్రామాలలో 14.9 శాతం, పట్టణాలలో 42 శాతం. లాక్‌డౌన్‌కు ముందే ఈ లెక్క ప్రభుత్వ బీరువాలో ఉంది. కనుక ఎవరూ ఊహించలేదన్న మాట నిలవదు.

రెండవ లెక్క మన సముదాయానికి సంబంధించినది. కేంద్ర విద్యాశాఖ వారి అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో దేశంలో ఉన్నత విద్యలో సుమారు 21 లక్షల మంది ముస్లిం విద్యార్థులు ఉండగా, 2020-21లో ఆ సంఖ్య 19.21 లక్షలకు పడిపోయింది. అదే ఏడాది దేశంలో మొత్తం నమోదు మాత్రం 3.85 కోట్ల నుంచి 4.14 కోట్లకు పెరిగింది. అందరూ ముందుకు నడిచిన ఏడాదిలో మనం వెనక్కి నడిచాము. దీనికి ఆన్‌లైన్ బోధన ఒక్కటే కారణమని మేము అనము. పోయిన ఉపాధి, తగ్గిన ఆదాయం, పెళ్లి చేసేసిన ఆడపిల్లలు, కుటుంబ భారం భుజానికెత్తుకున్న మగపిల్లలు, అన్నీ అందులో ఉన్నాయి. తరువాతి ఏళ్లలో అంకె మళ్లీ పెరిగినా, పెరిగినవి కొత్త పేర్లు. పోయిన పేర్లు తిరిగి వచ్చాయో లేదో అంకె చెప్పదు. మా మిత్రుని నోటు పుస్తకంలోని ఖాళీల వంటివి ఒక్కచోట కూడితే లక్షన్నరకు పైగా అయ్యాయి.

ఇంతవరకు ఇతరులను గురించి చెప్పాము. మా తప్పును కూడా చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత మాకు ఉండదు.

లాక్‌డౌన్ రోజుల్లో మా మస్జిద్ పరిధిలోని పదిమందిమి కలిసి నిత్యావసరాల కిట్లు పంచాము. బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, ఉల్లిపాయలు. పట్టీ రాసింది మేమే. ఒక ఇంటికి వెళ్లినప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి తలుపు చాటు నుంచి, "చాచా, మొన్న ఇచ్చిన బియ్యం ఇంకా ఉన్నాయి. ఈసారి కిట్ వద్దు, దాని బదులు ఫోనుకు రీచార్జ్ చేయించగలరా? పాఠాలు పోతున్నాయి" అని అడిగింది. తండ్రి ఆటో నడిపేవారు, అప్పుడు బండి కదలడం లేదు. దాతలు ఇచ్చింది ఆకలి తీర్చడానికే, దానిలో కొంత జకాత్ సొమ్ము, ఫోనుకు ఎలా వాడగలమని మేము జవాబు చెప్పి, కిట్ గడప మీద పెట్టి వచ్చేశాము. నియమం తప్పలేదని ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాము కూడా.

ఎనిమిది నెలల తరువాత మరేదో సందర్భంలో ఇమాం సాబ్‌ను ఈ విషయం అడిగాము. అర్హత కలిగిన పేద విద్యార్థి చేతికి ఆ సొమ్ము అందిస్తే, తన అవసరానికి ఆమె వాడుకోవడంలో అభ్యంతరమేముందని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. అడగడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి ఆ అమ్మాయి చదువు ఆగిపోయింది. నోటు పుస్తకం చూసిన రోజున ఆమె పేరు మాకు అందులో కనిపించింది. రెండు వారాల హాజరు, తరువాత ఖాళీ. ఆ ఖాళీలో ప్రభుత్వం పాత్ర ఉంది, సంస్థ పాత్ర ఉంది, మా పాత్ర కూడా ఉంది. ఆకలి ఒక్కటే అవసరమని మేము పట్టీ రాసినందువల్ల ఆమె అవసరం ఆ పట్టీలోకి ఎక్కలేదు.

ఇంటి లోపలి సంగతి కూడా ఒకటి చెప్పాలి. అధ్యాపకులు మాకు పదే పదే చెప్పిన మాట ఇది: ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది అబ్బాయి చేతికి వెళ్లింది. అమ్మాయి వంతు రాత్రికి వచ్చింది, అప్పటికి పాఠం ముగిసింది. కెమెరా తెరవమని ఒత్తిడి చేసిన చోట పరదా పాటించే ఇళ్లలోని అమ్మాయిలు తరగతే మానేశారు. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇళ్లలోని పిల్లలు, వారు ఏ మతం వారైనా, తమ ఇల్లు తోటివారికి కనిపిస్తుందన్న సిగ్గుతో మానేశారు. మొదటి దానికి మనం బాధ్యులం. రెండవ దాన్ని ఒక చిన్న సడలింపుతో సరిదిద్దవచ్చును. కొందరు అధ్యాపకులు ఆ సడలింపు ఇచ్చారు కూడా. వారికి మా సలాం.

ఆన్‌లైన్ బోధనలో మంచి లేదని మేము వాదించడం లేదు. దూరవిద్య మన గడ్డకు కొత్తదేమీ కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. పొరుగూరి కళాశాలకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలు, పగలు దుకాణంలో పనిచేసే అబ్బాయిలు, రికార్డు చేసిన పాఠాన్ని రాత్రి వినగలిగారు. ఒకసారి అర్థం కానిది మూడుసార్లు విన్నారు. పెళ్లయి చదువు ఆపిన ఒక సోదరి ఆ కాలంలోనే మళ్లీ పుస్తకం పట్టారని ఒక అధ్యాపకురాలు సంతోషంగా చెప్పారు. విద్యార్థికి తోడుగా వచ్చినప్పుడు ఈ సాధనం వరమే. తరగతి గదిని మూసి దాని స్థానంలో దీన్ని కూర్చోబెట్టినప్పుడు చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కు గతించిన కథ కాదు. 2021 మేలో యూజీసీ ప్రతి కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చునన్న మిశ్రమ బోధనా ప్రతిపాదనను అభిప్రాయాల కోసం విడుదల చేసింది. స్వయం వేదిక మీద చదివిన కోర్సులకు క్రెడిట్లు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. అధ్యాపక పోస్టులు భర్తీ చేయని ప్రభుత్వాలకు ఇది సులభమైన దారిగా కనిపించవచ్చును. అత్యవసరంలో చేసిన సర్దుబాటు, ఖర్చు తగ్గించే శాశ్వత విధానంగా మారితే, ముందుగా నష్టపోయేది ఇంట్లో ఒకే ఫోను ఉన్న విద్యార్థి.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు, ఫహీమా షిరిన్ అనే కళాశాల విద్యార్థిని వేసిన కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, గోప్యతా హక్కులోనూ భాగమని తీర్పు ఇచ్చింది. హాస్టల్లో సాయంత్రం వేళ ఫోను వాడరాదన్న నిబంధనను ఒక అమ్మాయి ప్రశ్నించగా వచ్చిన తీర్పు అది. మహమ్మారికి ఆరు నెలల ముందే వచ్చిన ఈ తీర్పును మనలో ఎంతమంది చదివాము?

కనుక మా విన్నపాలు ఇవి. విశ్వవిద్యాలయాలు 2020, 2021 సంవత్సరాలలో చదువు ఆపిన విద్యార్థుల పట్టీని పేర్లతో, కారణాలతో తయారుచేసి, తిరిగి రాదలచిన వారికి ఆలస్య రుసుము లేకుండా ప్రవేశం ఇవ్వాలి. ఆన్‌లైన్ గంటను పూర్తి గంటగా లెక్కించే నిబంధన రాసి, గెస్ట్ అధ్యాపకుల పాత బాకీలు చెల్లించాలి. ఉర్దూ పాఠ్యాంశాలను యూనికోడ్‌లో, ఫోనులో తెరుచుకునే రీతిలో అందరికీ ఉచితంగా ఉంచే పనిని ఉర్దూ విశ్వవిద్యాలయాలు కలిసి చేపట్టాలి. కెమెరా తెరవడం విద్యార్థి ఇష్టానికి వదిలివేయాలి. ఏ కోర్సునైనా ఆన్‌లైన్‌కు మార్చేముందు, ఎంతమందికి సాధనం ఉందో లెక్క తీయాలి.

మన వంతుగా చేయవలసినదీ ఉంది. ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి షాదీఖానా నిర్వాహకులు ఒక గది, ఒక నెట్ కనెక్షను, నాలుగు కుర్చీలు విద్యార్థులకు కేటాయించగలరు. అమ్మాయిలకు వేరుగా వేళ నిర్ణయించగలరు. ఒక వలీమా విందులో ఒక రకం వంటకం తగ్గిస్తే ఏడాది రీచార్జ్‌లు వస్తాయి. పనికివచ్చే పాత ఫోన్లు బీరువాల్లో పడి ఉన్నాయి, వాటిని సేకరించగలము. మా వాడలో ఈ పని మొదలుపెట్టాము. పట్టీలో ఇప్పుడు కొత్తగా ఒక గడి చేర్చాము: "ఈ ఇంట్లో చదివేవారు ఎవరు, వారికేమి కావాలి?"

ఆ అమ్మాయి ఇంటికి కూడా వెళ్లాము. ఆమె ఇప్పుడు బట్టల దుకాణంలో పనిచేస్తున్నది. మళ్లీ చదువుతావా బేటీ అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేదు. దూరవిద్య దరఖాస్తు ఇచ్చి వచ్చాము. నింపుతుందో లేదో మాకు తెలియదు. అధ్యాపక మిత్రుని పుస్తకంలో ఆమె పేరు ఎదుట ఖాళీ ఇంకా అలాగే ఉంది. పాఠకులు కూడా తమ వీధిలో, తమ బంధువులలో అటువంటి ఖాళీలు ఎన్ని ఉన్నాయో ఈ నెలలోనే లెక్కించి పేర్లు రాయాలని మా మనవి. అధికారుల ముందుకు వెళ్లే రోజున మన చేతిలో ఆ పట్టీ ఉండాలి.